ఎడమ సీటు కింద నీళ్లు

నా ఫీల్డ్ పుస్తకం తడిసిన రోజు నేను మనిషిలా ప్రవర్తించలేదు. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పాలంటే సిగ్గేస్తుంది.

యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఊళ్లు తిరిగి మట్టి నమూనాలు తేవడానికి మా డిపార్ట్‌మెంట్‌కి ఒక పికప్ ట్రక్కు ఉంది. ముందు రెండు సీట్లు, వెనక సామాన్లకు తొట్టి. దాన్ని నడిపే ఆయన కాంట్రాక్టు మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, మాణికేశ్వర్ నగర్‌లో ఉంటాడు. ఎనిమిదేళ్లుగా ఆయన కుడి సీటు, నేను ఎడమ సీటు. ఇన్నేళ్లలో నా నోటికి బెదరకుండా నాతో వేగినవాళ్లలో ఆయనొకడు.

ఆ గురువారం ఊళ్లు తిరిగి క్యాంపస్‌కి వచ్చేసరికి కాళ్ల దగ్గర పెట్టుకున్న గుడ్డసంచి అడుగంతా తడిసి ముద్దయింది. లోపల పుస్తకం, అందులో రెండేళ్ల రాత. జెల్ పెన్నుతో రాశాను, నా ఖర్మ. అంకెలన్నీ నీలం మరకలైపోయాయి.

ఒళ్లు మండిపోయింది. "బండి కడిగి అద్దం దించి వదిలేశారా? నీళ్ల సీసా ఒలకబోశారా?" అని డిపార్ట్‌మెంట్ మెట్ల మీదే, అందరూ వింటుండగా అరిచాను.

"బండి ఇయ్యాల కడగనే లేదు మేడం. గా ఏసీకెల్లి కారుతున్నదేమో," అన్నాడు నెమ్మదిగా.

"ఏసీ నీళ్లు బండి కిందికి పోతాయండీ, లోపలికి రావు. ఆ మాత్రం నాకు తెలీదా?"

ఆయన్ని ఇంకో మాట మాట్లాడనిచ్చానా అసలు! ఆ ఊపులోనే ఆఫీసుకు వెళ్లి, డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల పరిశోధన రికార్డు పాడైందని లెటర్ రాసిచ్చాను. ఆయన కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించే ఫైలు అప్పుడే కదులుతోందని నాకు తెలుసు. ఆ లెటర్ ఆ ఫైల్లోకే వెళ్తుందనీ తెలుసు. తెలిసే రాశాను, దాచడానికేముంది.

లెటర్ ఇచ్చాక మనసు చల్లబడాలి కదా? పడలేదు. శుక్రవారం క్లాసులో బోర్డు మీద సగం రాసి, మిగతా సగం ఏమిటో మర్చిపోయాను. శని, ఆదివారాలు తార్నాకలో మా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరిగాను. పుస్తకం కుట్లు విప్పి, కాగితాలను బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేశాను. గాలికి రెండు కింద వీధిలోకి ఎగిరిపోయాయి. వాటి కోసం చెప్పుల్లేకుండా పరిగెత్తాను. కోపం ఆయన మీదనో, నా పెన్ను మీదనో, దేనిమీదనో నాకే తేలలేదు.

సోమవారం మల్కాజ్‌గిరిలో ఒకచోట మట్టి సంచులు అప్పగించాల్సి ఉండి బయల్దేరాం. మండే ఎండ. అద్దాలు బిగించి, ఏసీ ఫుల్లుగా పెట్టాడు. తార్నాక దాటకముందే నా పాదం మీద చల్లగా ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. వంగి చూశాను. డ్యాష్‌బోర్డు కింద ఉన్న నల్లటి ఏసీ పెట్టె అంచు నుంచి నీళ్లు టపటపా కారుతున్నాయి.

 ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఏసీ మెకానిక్ దగ్గరికి పోనివ్వండి," అన్నాను.

"మల్కాజ్‌గిరి పని ఉన్నది గదా మేడం?"

"అది తర్వాత. ముందు మెకానిక్!"

తార్నాకలోనే ఒక సందులో ఏసీ పనులు చేసే పెద్దాయన ఉన్నాడు, గడ్డానికి గోరింటాకు రంగు. సంగతి వినగానే, "పైప్ జామ్ అయింది, ఇంకేం లేదు," అని చాప పరుచుకుని బండి కిందికి దూరాడు. ఏసీ చల్లబడేటప్పుడు పట్టే నీళ్లన్నీ ఒక సన్నటి రబ్బరు గొట్టంలోంచి రోడ్డు మీద పడాలి. ఆ గొట్టం మూసుకుపోతే నీళ్లు పెట్టెలోనే నిండి, పొంగి సీటు ముందు కారతాయి. అంతే. ఇంత చిన్న సంగతి.

ముందు తీగ పెట్టి కెలికాడు. చుక్క రాలేదు. నేను పక్కన నిలబడి వాచీ చూసుకుంటున్నాను. డ్రైవర్ ఫైలు ఈ సాయంత్రమే పైకి వెళ్తుందని పొద్దున ఆఫీసు గుమస్తా చెప్పాడు మరి. తొందరగా కానివ్వమని మూడుసార్లు అన్నాను.

"పైప్ ఊడితే డ్యాష్‌బోర్డ్ మొత్తం ఇప్పాలె అమ్మా. జర సబర్ చెయ్యుండ్రి," అన్నాడు కిందినుంచే.

సబరట! ఆ ఓపికే నా దగ్గర ఉంటే ఇక్కడిదాకా వస్తానా!

చివరికి టైర్లలో గాలి నింపే గొట్టం తెచ్చి, ఆపి ఆపి, మెల్లగా గాలి కొట్టాడు. ఒక్కసారిగా బురద రంగు నీళ్లు దూకాయి. వాటి వెనకే నల్లటి ముద్ద ఒకటి జారిపడింది. బయటికొచ్చి దాన్ని వేలితో విప్పాడు. లోపల ఇంకా కాస్త పసుపు రంగు మిగిలే ఉంది.

"బంతిపూలు," అన్నాడు. "దసరా దండ తియ్యలేదా? ముందటి అద్దం కింద గాలి పోయే జాలీ ఉంటది గదా, దాన్లకెల్లి రేకులన్నీ లోపటికి పోయినయి."

"ఏటేటా ఎండంగనే తీసేటోణ్ని. ఈపారి తియ్యలె," అన్నాడు మా డ్రైవర్. ఎందుకు తీయలేదో చెప్పలేదు.

చెప్పక్కర్లేదు, వద్దన్నది నేనే. దసరాకి బండికి పూజ చేసి వైపర్ల మీదుగా దండ కట్టాం. వారం పోయాక ఆయన కత్తెర పట్టుకొస్తే ఆపేశాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం మాది. పూజ దండను చేత్తో తెంపకూడదు, దానంతటదే రాలిపోవాలి అంటుంది మా అమ్మ. మట్టిని మిల్లీగ్రాముల్లో తూచే నేను ఆ మాట దగ్గర మాత్రం చిన్నపిల్లనైపోతాను. "అపశకునమండీ, ఉంచేయండి," అన్నాను. ఉంచేశాడు. చలికాలమంతా ఆ దండ రేకు రేకుగా రాలింది. ఎక్కడికి రాలుతోందో ఒక్కరోజైనా చూశానా?

తల కొట్టేసినట్టయింది. మల్కాజ్‌గిరి రేపు చూసుకుందామని బండి వెనక్కి తిప్పించి, ప్రతి సిగ్నల్‌నీ తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆఫీసులో గుమస్తా ఫైళ్లు కట్టలు కడుతున్నాడు. నా లెటర్ వెనక్కిచ్చేయమన్నాను, తప్పు నాదేనన్నాను.

"తీస్కోండ్రి మేడం. మీది తీసినా ఆయనది ఉంటది గదా," అని ఫైలు తిప్పి చూపించాడు.

ఎవరి చేతనో రాయించిన నాలుగు లైన్లు. "నా అజాగ్రత్త వల్లనే నీళ్లు పడ్డాయి, క్షమించగలరు" అని. కింద ఆయన సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా. తారీఖు శుక్రవారానిది. నా లెటర్ సంగతి తెలిసే ఆయన పొద్దున నా కోసం బండి తలుపు తెరిచాడన్నమాట.

అక్కడే నిలబడి అంతా రాశాను. దండ, రేకులు, గొట్టం, నేను వద్దన్న మాట.

"పూలదండ అని రాస్తే పైన నవ్వుతరు మేడం," అన్నాడు గుమస్తా.

"నవ్వనివ్వండి."

ఆ కాగితం ఆయన కాగితం పైన పెట్టించి, ఫైలు నా కళ్లముందు బయటికెళ్లేదాకా కదల్లేదు. కాంట్రాక్టు పొడిగించారని నెలాఖరుకి తెలిసింది. కానీ అప్పటికి, ఆ సాయంత్రం, నాకు ఆ భరోసా లేదు.

బయట ఆయన తడిసిన మ్యాట్‌ను గోడ మీద ఆరేస్తున్నాడు.

"మీరు బండి కడగలేదని మీకు తెలుసు. నీళ్లు ఒలకలేదని తెలుసు. మరి ఎందుకు సంతకం పెట్టారండీ?" అని అడిగాను. 

మ్యాట్ అంచు గోడ మీద సర్దాడు.

"ఏసీకెల్లి కాదని మీరు చెప్తిరి గదా మేడం. గంత చదువుకున్నోళ్లు ఉత్తగనే ఎందుకంటరు? నేనే ఎన్నడో అద్దం ఖుల్లా పెట్టి మర్చిపోయిన్నేమో అనుకున్న. నిజంగనే అనుకున్న."