మామయ్య విప్పేసిన ముడి

నా చిన్నప్పుడు మా మామయ్య ఏం చెబితే నాకు అదే నిజం. ఆయన మా అమ్మకు తమ్ముడు. మలేషియాలోని జొహోర్ రబ్బరు తోటల్లో పుట్టి, పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చినవాడు. బుకిట్ పంజాంగ్‌లో వారానికోసారి జరిగే సాయంత్రం సంతలో ఆయనకు వడల కొట్టు ఉండేది. కొట్టు దీపాలకు ఒక చిన్న జనరేటరు. తాడు పట్టుకుని గట్టిగా లాగితే దగ్గి దగ్గి మొదలయ్యేది. ఒక్కసారైనా ఆ తాడు లాగాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. ఆడపిల్లకు మిషన్లతో పనేమిటని అమ్మ కసిరేది.

ఒకసారి సంతకు ముందురోజు ఆ తాడు పుటుక్కున తెగింది. మామయ్య కొత్త నైలాను తాడు తెచ్చి నన్నే పిలిచాడు.

"ఇది నువ్వే మార్చు అమ్మాయ్. మార్చావంటే మిషన్ ఇక నీది. ప్రతి వారం నువ్వే లాగాలి, నేను ముట్టుకోను."

నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన మూత విప్పి, స్ప్రింగు మీద తిరిగే చక్రాన్ని బిగువుగా తిప్పి పట్టుకున్నాడు. నేను తాడు కొసను కన్నంలో దూర్చి ముడి వేశాను. నాకు వచ్చిన ముడి ఒక్కటే, అమ్మ నేర్పిన పూలు కట్టే ముడి. మల్లెమొగ్గలు నలగకుండా పట్టుకునే ముడి నున్నటి నైలాను మీద నిలుస్తుందా? నాకేం తెలుసు! మామయ్యకు తెలుసు. తెలిసి కూడా వంగి చూసి, "బాగుస్ లా! నాకంటే బాగా కట్టావే" అని వీపు తట్టాడు.

మర్నాడు సంతలో నేనే లాగాను. దీపాలు వెలిగాయి. అబ్బ, ఆ గర్వం ఏం చెప్పను! కనబడ్డ ప్రతివాళ్లకూ తాడు నేనే కట్టానని చెప్పుకున్నాను. పక్క కొట్టులో గాజులమ్మే ఆంటీకి చెబుతుంటే ఆవిడ ఫక్కున నవ్వింది.

"నువ్వు కట్టిందెక్కడుందే పిచ్చిపిల్లా? నువ్వు రాకముందే, కొట్టు పెడుతుంటేనే అది ఊడిపోయింది లా. మీ మామయ్య విప్పి మళ్లీ కట్టాడు. ముడి జారకుండా కొస కాల్చడానికి కొవ్వొత్తి పట్టుకుంది నేనే కదా!"

వడలకోసం నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామయ్య తలెత్తకుండా వడలు తిప్పుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏడుస్తావని, తల్లీ."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

ఆయన ఒక వడ కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

ప్రేమతోనే చేశాడు కదా అంటారు అందరూ. అంటే అననివ్వండి. తప్పుగా కట్టావని ఒక్క మాట అనుంటే, కాసేపు ఏడ్చి, సరైన ముడి నేర్చుకునేదాన్ని. మిషన్ నిజంగానే నాదయ్యేది. ఆయన నన్ను మెచ్చుకున్నాడు, ముద్దు చేశాడు, ఆ ముడి మాత్రం నేర్పనే లేదు. తర్వాత ఎంత బతిమాలినా నేను ఆ తాడు ముట్టలేదు. ఆయన బాగుందన్న దేన్నీ నమ్మలేదు. పెళ్లిపీటల మీద నన్ను చూసి బంగారుబొమ్మలా ఉన్నావంటే, నిజమేనా అని వెళ్లి అద్దంలో చూసుకోవాలనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కోపం ఇంకా పోలేదు.

మొన్న బుకిట్ బటోక్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో మనవరాలు మొదటిసారి సాంబారు పెట్టింది. అందరూ సూపరంటే సూపరన్నారు, అన్నీ అని మంచినీళ్లు తాగారు. నేను ఉప్పెక్కువైందన్నాను. మా అమ్మాయి నన్ను కొరకొరా చూసింది. పిల్ల మూతి ముడుచుకుని, "అమ్మమ్మా, యూ సో మీన్ లా" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నాకూ బాధేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి ఆదివారం మళ్లీ సాంబారు పెట్టింది. పొయ్యి దగ్గర్నుంచి గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చింది. సూపరన్నవాళ్లంతా సోఫాలోనే ఉన్నారు. వాళ్లని దాటుకుని నా దగ్గరికి వచ్చి, "రుచి చూడు అమ్మమ్మా, నిజం చెప్పు" అంది.