మిట్ట వీధి నుంచి దిగివచ్చిన గంగమ్మ

పొద్దుటి నుంచీ నా అరచేతులు తుప్పూ గ్రీజూ కలిసిన వాసన వేస్తున్నాయి. సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు, పోవాలని నేనూ పెద్దగా కోరుకోలేదు. బెళ్ళందూరులో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని నేను చింతపండుతో తోముతున్నది మా నాన్న తాళంచెవిని: నడుమెత్తు ఇనుప కడ్డీ, పైన రెండు చేతులా పట్టుకుని తిప్పే అడ్డకడ్డీ, కింద నీళ్ళ పైపు వాల్వు తలను పట్టే చదరపు నోరు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు శాలువా కప్పి, ఏం కావాలో అడగమంటే నాన్న దీన్నే అడిగి తెచ్చుకున్నాడు.

పీణ్య ఫ్యాక్టరీల వెనకాల ఉన్న మా పాత పేటకు సర్కారు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. నీళ్ళ నారాయణప్ప అంటే తెలియనివాళ్ళు లేరు. పొద్దున్నే ఇంత రాగిముద్ద తిని, ఖాకీ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, తాళంచెవిని సైకిలుకు కట్టుకుని బయల్దేరేవాడు. వాల్వు తిప్పాక దానితోనే కరెంటు స్తంభాన్ని టంగుమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినబడితే చాలు, పెనం మీది దోసె పెనం మీదే, అల్లుతున్న జడ సగంలోనే, కుంటాటలో పైకెత్తిన కాలు కింద పెట్టి మేమంతా బిందెలతో కొళాయి దగ్గరికి పరుగు. ఉగాదినాడు తలకు పెట్టిన నూనె చెంపల మీదికి కారుతుంటే, ఓళిగల కోసం రుబ్బిన పూర్ణం వేళ్ళకంటించుకుని నాకుతూ వరసలో బిందెలకు కాపలా కాసేది పిల్లలమే. ఎండాకాలంలో పక్కనున్న కానుగ చెట్టు పూలు బొరుగుల్లా రాలి నీళ్ళలో తేలేవి.

మా వీధి పల్లంలో ఉండేది, మిట్ట వీధి పైన. పల్లంలో వాల్వు తెరిచి ఉంటే నీళ్ళన్నీ ఇటే జారిపోతాయి, పైకి ఎక్కవు. అందుకని మిట్ట వంతు వచ్చిన రోజు నాన్న ముందు మా వీధి వాల్వు బిగించి, తర్వాతే పైకి వెళ్ళేవాడు. నీళ్ళాయన పెళ్ళామై తనకు ఒరిగింది ఖాళీ కుండలేనని అమ్మ దెప్పేది.

మా అక్క పెళ్ళి వైశాఖంలో కుదిరింది. ఇంటిముందు పందిరి వేశారు. పెళ్ళికి ముందు రోజు గంగపూజ చేసి, కొత్త కుండలకు నీళ్ళు పట్టి, ఆ నీళ్ళతోనే పెళ్ళికూతురికి మంగళస్నానం చేయించడం మా ఇళ్ళలో ఆనవాయితీ. సున్నం, పసుపు పూసిన కుండలు సిద్ధంగా ఉన్నాయి. మా తొట్టి మాత్రం అడుగంటింది, పేట బావి అంతకుముందే ఎండిపోయింది, ట్యాంకర్లు ఇంకా మాకు తెలియవు. సరిగ్గా ఆ రోజే మిట్ట వంతు వచ్చింది.

"ఒక్క గంట మన పక్కకి తిప్పు. బిడ్డ పెండ్లయ్యా ఇది," అంది అమ్మ.

"మనకి తెరిస్తే పైనోళ్ళకి చుక్క ఎక్కదు, లచ్చుమీ. ఈ పొద్దు వాళ్ళ వంతు. బాలింత కూడా ఉండాది ఆడ," అని నాన్న సైకిలెక్కాడు.

సాయంత్రానికి మగపెళ్ళివారు దిగుతారు, కాళ్ళు కడుక్కోవడానికి కూడా నీళ్ళు లేవు. అమ్మ ఖాళీ కుండల ముందు చతికిలబడింది. అక్క పందిరి గుంజకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది. నాకైతే నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఊరందరికీ నాన్నే గాని మాకు కాడా అనుకున్నాను.

కాసేపటికి మిట్ట మీద టంగుమంది. ఇంకాసేపటికి డోలు వినబడింది. మగపెళ్ళివారు ముందే వచ్చేశారేమోనని అమ్మ హడలిపోయి లేచింది. చూస్తే, మిట్ట వీధి ఆడవాళ్ళంతా పసుపు రాసిన బిందెలు చంకన పెట్టుకుని, వాటిలో మామిడాకులు వేసి, బారుగా దిగి వస్తున్నారు. ముందు డోలు వాయించేవాడు, వాడి వెనకాల పూలమ్మే మునెమ్మ. రేపు పెళ్ళి పెట్టుకుని ఈ రోజు కూడా మా వాల్వే తిప్పుతావా అని ఆమె నాన్నను నిలదీసిందట, ఆయన నవ్వి స్తంభాన్ని టంగుమని కొట్టేసరికి వీధినంతా పోగుచేసిందట.

"ఏం లచ్చుమక్కా, అట్లే చూస్తా నిలబడినావు? పసుపు కుంకుమ తే. గంగమ్మ నడుచుకుంటా వచ్చుండాది," అంది మునెమ్మ.

అమ్మ గడపలోనే పూజ చేసింది. కొత్త కుండలు నిండాయి, తొట్టి నిండింది, వంటవాళ్ళ గంగాళాలు కూడా నిండాయి. అందరికంటే వెనక, తాళంచెవి భుజాన వేసుకుని నాన్న వచ్చాడు. ఆ రోజు ఆయన నడిచినంత ఠీవిగా ఏ పెళ్ళికొడుకూ నడవగా నేను చూడలేదు. అమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి చెంబు అందించింది.

"కాళ్ళు కడుక్కోయ్యా. నీళ్ళుండాయి."

నాన్న పోయి ఏడాదైంది. ఆ కానుగ చెట్టు లేదు, వీధి కొళాయి లేదు, ఇప్పుడు ట్యాంకరు నీళ్ళు ఏ చప్పుడూ లేకుండా పైపుల్లో ఎక్కుతాయి, వదిలేది ఎవరో మాకు తెలియదు. రేపు మా అమ్మాయి పెళ్ళికి గంగపూజ. కలశం పక్కన పెట్టడానికే ఈ తాళంచెవిని తోమాను. బొట్టు పెట్టాక ఆగలేక, బాల్కనీ కమ్మీ మీద టంగుమని ఒక్కటి కొట్టాను.

పై అంతస్తులో కోలారు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటుంది; వాళ్ళ వీధిలోనూ నీళ్ళు వదిలేవాడు ఇలాగే స్తంభం కొట్టేవాడట. కమ్మీ మీంచి తొంగిచూసి, "ఏం పాపా, నీళ్ళొచ్చినాయా?" అని అడిగింది.

"వచ్చినాయమ్మా," అన్నాను. "బిందె తీసుకొని దిగి రండి."