అరువు గొంతుతో నలభై ఏళ్లు

వీరన్ ఇరవై రెండేళ్ల వయసులో, తమిళనాడులో తెలుగువాళ్లుండే రాజపాళయంలో స్పిన్నింగ్ మిల్లు పని వదిలేసి సినిమాల కోసం చెన్నై వెళ్లాడు. మొదట గుర్రం మీంచి పడే సిపాయి. తర్వాత పోలీసు, దొంగ, పూజారి. జుట్టు నెరిశాక హీరోయిన్ తండ్రి, సీరియళ్లలో తాత. నలభై ఏళ్లలో మూడొందల వేషాలు వేశాడు. ఒక్కదాంట్లోనూ అతని గొంతు లేదు. "నీ తమిళంలో తెలుగు యాస కొడుతోంది" అంటూ ప్రతిసారీ వేరేవాళ్ల చేత డబ్బింగ్ చెప్పించారు.

మోకాళ్లు అరిగి ఊరికి తిరిగొచ్చాక, ఆ ఊరివాడే అయిన కుర్ర దర్శకుడు హరిహరన్ వెతుక్కుంటూ వచ్చాడు.

"మామా, ఇది మన మిల్లు కథ. మన మాటలోనే మాట్లాడు. నీ గొంతే ఉంటాది."

సినిమాలో వీరన్‌ది తండ్రి వేషం. మిషన్లో కూతురి చెయ్యి పోయింది. తండ్రి మిల్లు గేటు ముందు ఓనరును నిలదీయాలి. వీరన్ ఒకే టేకులో చేశాడు. చుట్టూ నిలబడిన మిల్లు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

సినిమా విడుదలైన రోజు భార్య బొమ్మిని మ్యాట్నీకి తీసుకెళ్లాడు. గేటు సీనులో తెరమీది వీరన్ నోరు తెరవగానే ఎవడిదో గొంతు తమిళంలో అరిచింది.

"ఇది ఎవురి గొంతు?" అంది బొమ్మి.

వీరన్‌కు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి హరిహరన్‌కు ఫోన్ చేశాడు.

"ప్రొడ్యూసర్ ఒప్పుకోలా మామా. మన తెలుగు బయటోళ్లకి తెలవదంట."

"బిడ్డ చెయ్యి పోయినోడు అరిస్తే తెలవదా? చెన్నైవోళ్లు చేసినారు, సరి. నువ్వు మనింటి పిల్లోడివి గదరా!"

"కోపపడొద్దు మామా. ఆదివారం మనూర్లో నీకు సన్మానం పెట్టినాము."

"వస్తాను. తప్పకుండా వస్తాను."

ఆదివారం వేదిక మీద ప్రొడ్యూసర్ శాలువా కప్పాడు. వీరన్ మైకు అందుకుని నమస్కారమైనా చెప్పకుండా గేటు సీను మొదలుపెట్టాడు.

"ఆ చేత్తోనే నాకి కూడు పెట్టినాది! ఆ చెయ్యి యాడ పారేసినారు? చెప్పండయ్యా!"

ప్రొడ్యూసర్ సైగ చేస్తే మైకు ఆపేశారు. వీరన్ ఆగలేదు. చివరి వరుసదాకా వినపడేలా అరిచాడు. "అడుగన్నా, అడుగు!" అంటూ మిల్లు ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. హరిహరన్ తల దించుకున్నాడు.

ఆ తర్వాత ఒక సీరియల్ మేనేజరు తాత వేషానికి పిలుస్తూ ఫోన్ చేశాడు. "డబ్బింగ్ నేనే చెప్తాను. కాదంటే ఇంకో ముసలోణ్ణి చూసుకోండి" అన్నాడు వీరన్. మళ్లీ ఫోన్ రాలేదు.

క్షమించమని అడగడానికి హరిహరన్ ఇంటికొస్తే, వీరన్ బయటికి రాలేదు.

"కాఫీ ఇచ్చి పంపించు" అన్నాడు బొమ్మితో. "వాడి మొగం చూస్తే నాకి ఇంకా మండతాది."