గేటు కింద దూరాను

ఐటీ ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులు. సికింద్రాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో నా కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించి, "గేమే మేడమ్. రిస్క్ ఎంత తీసుకుంటరో చూస్తం. ఆఫీసుకు లేటైందనుకోండ్రి, నడవండ్రి" అన్నాడు హెచ్‌ఆర్ ఆయన.

ఎదురుగా రైల్వే గేటు వేసి ఉంది. మా మల్కాజ్‌గిరిలో రోజూ చేసే పనే కదా అని వంగి దూరాను. పట్టాల మధ్యకు చేరేసరికి చెవులు చిల్లులు పడేలా కూత. తల తిప్పితే ఇంజను మొహం మీదే ఉంది! "అమ్మోయ్!" అని అరిచి నేలమీద కూలబడ్డాను.

ఆయన హెడ్‌సెట్ తీసి, "గేటు కింద దూరెటోళ్లు సుత జెర అటూ ఇటూ చూస్తరు మేడమ్. మీరు చూడనే లేదు" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే మా గేటు పడింది. వంగబోయి ఆగిపోయాను. పక్కనుంచి జనం దూరి పోతున్నారు. ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

నాలుగేళ్లుగా నేనూ అలాగే దాటుతూ వచ్చాను.