ఎవరూ తెరవలేదని చెప్పినాను

ఒక అబద్ధాన్ని నేను ఏండ్ల తరబడి మోసినాను. చిన్నదే. రెండు మాటలంత. బరువు మాత్రం చిన్నది కాదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు, బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు, ఎవరైనా నన్ను "ఆయమ్మ శానా మంచిది" అన్నప్పుడు అది లోపల కదిలేది. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చినాను. జరిగినది మార్చలేదు.

మాది కర్నూలు, పాత ఊరిలో ఒక ఇరుకు సందు. మా ఇంటాయన ఆటో తోలుతాడు. ఇంట్లో మాతో పాటు మా అత్త, మా ఆడబిడ్డ సునంద. సునంద డిగ్రీ చదివింది. నేను బడి మొహం చూడలేదు. మా నాయనే ఇంట్లో కూచోబెట్టి పలక మీద దిద్దించినాడు, దేవుని కథలు చదివించినాడు. తెలుగు బాగానే వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అప్పటికి రావు. ఇది సాకు కోసం చెప్పడం లేదు. కానీ ఇది చెప్పకపోతే నేను చేసింది మీకు సగమే అర్థమవుతుంది.

సునంద స్నేహితురాలు షమీం. మా సందు చివరి ఇల్లు. వాళ్ళ చిన్నాయనకు కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉండేది. ఆ పిల్ల అక్కడ కూచొని చూసి చూసి పని నేర్చుకుంది. ఇద్దరూ కలిసి పెండ్లి కార్డులు తయారు చేసే పని పెట్టుకోవాలనుకున్నారు. తెలుగు శుభలేఖలు సునందవి, ఉర్దూ కార్డులు షమీంవి. దానికి కంప్యూటరు కావాలి. కొత్తది కొనే శక్తి లేదు. ఒక్కొక్క సామాను తెచ్చుకున్నారు. కొన్ని కొత్తవి, కొన్ని పాతవి. లోపల అన్నిటికీ ఆధారంగా ఉండే మదర్‌బోర్డు మాత్రం షమీం వాళ్ళ చిన్నాయన అంగడి నుంచి తెచ్చిన పాతది. మా ముందుగదిలో చాప మీద పెట్టి ఇద్దరే బిగించినారు. బటను నొక్కగానే లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. ఇద్దరూ కేకలు పెట్టినారు. నేను వంటింట్లో నుంచి వచ్చి దండం పెట్టుకున్నాను. నాకు అది అలవాటు. వాన పడినా, పాలు విరగకుండా ఉన్నా, మంచి జరిగిన ప్రతిదానికీ "స్వామీ, నీ దయ" అంటాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఇంట్లో పని చేసే ప్రతి వస్తువుకూ బొట్టు పడుతుంది. ఆటోకు, కత్తిపీటకు, కుట్టుమిషనుకు, మా అత్త అడకత్తెరకు కూడా. మన కడుపు నింపేదానికి మనం చేసుకునే దండం అది. ముందుదినమే సునంద నాతో అనింది: "ఒదినా, దీనికి డబ్బా పైన ఒక్క బొట్టు పెట్టు, చాలు. ఇది ఇసుర్రాయి కాదు, తడి తగిలితే సచ్చాది." షమీం నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. అయినా నాకు గుచ్చుకుంది. ఇంత కూడా తెలియదనుకున్నారా నాకు?

మరి తెలిసినదాన్నయితే అంత పని ఎందుకు చేస్తాను?

పూజ పొద్దు అత్త, సునంద గుడికి పోయినారు. నేను ఒక్కదాన్నే గంధం గిన్నె పట్టుకొని ఆ డబ్బా ముందు కూచున్నాను. నా మనసు ఇట్లా నడిచింది: ఆటోకు బొట్టు సీటుకు మాత్రమే పెట్టి వదిలేస్తామా? వెనక మూత ఎత్తి ఇంజనుకు పెడతాం కదా. పని చేసేది లోపల ఉంటే, పైన రేకుకు బొట్టు పెట్టి దేవుణ్ణి మోసం చేసినట్లు కాదా? వెనక రెండు మరలు చేత్తో తిప్పితే ఊడి వస్తాయని వాళ్ళు బిగించేటప్పుడు చూసినాను. తిప్పినాను. పక్క రేకు జరిపినాను. లోపల ఇనుప గోడకు గంధం పెట్టి దాని మీద కుంకుమ అద్దినాను.

అప్పుడు గుర్తొచ్చింది, తడి తగిలితే సచ్చాదని. పైట కొంగుతో గబగబా తుడిచినాను. చెయ్యి వెనక్కు తీసుకునేటప్పుడు పండుగకు వేసుకున్న కొత్త గాజు సన్న వైర్లలో తగులుకుంది. లాగినాను. ఒక వైరు ఊడి వచ్చింది. దాని కొసన అగ్గిపుల్ల తలకాయంత నల్ల టోపీ. కింద బోర్డు అంచున ముండ్ల మాదిరి సన్న పిన్నులు, రెండు వరసలు. అది ఏ రెండింటి మీద ఉన్నది? వాటి పక్కన ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ఖాళీగా కనబడిన రెండు పిన్నుల మీద ఒత్తినాను. సరిగ్గా కూచుంది. కూచుంది కాబట్టి అదే దాని చోటు అనుకున్నాను. రేకు మూసి, పైన బొట్టు పెట్టి, దండం పెట్టినాను. ఏ మొహంతో పెట్టినానో.

మరుసటి పొద్దు, దశమి నాడు, వాళ్ళు మొదటి కార్డు మొదలు పెట్టాలని కూచున్నారు. సునంద బటను నొక్కింది. ఏమీ లేదు. వెలుగు లేదు, చప్పుడు లేదు. షమీం తొణకలేదు. ముందు గోడ ప్లగ్గులో టేబులు ఫ్యాను పెట్టి చూసింది, తిరిగింది. డబ్బా వెనక చిన్న స్విచ్చు చూసింది, వేసే ఉంది. పోయి అంగడి నుంచి లోపలికి కరెంటు అందించే పవర్ సప్లై ఇంకోటి తెచ్చి తగిలించింది. అయినా లేదు. అప్పుడు తల ఎత్తి, వాకిట్లో నిలబడిన నన్ను అడిగింది.

"ఒదినా, దీన్ని ఎవరన్నా తెరిచినారా?"

"లేదమ్మా. ఎవరూ తెరవలేదు."

"నిజంగానా? పూజ చేసేటప్పుడు గానీ..."

"పైన బొట్టు పెట్టినాను అంతే. లోపలికి నాకేం పని?"

"అట్లయితే వైర్లు సరిగ్గానే ఉంటాయిలే, నా చేత్తో పెట్టినవే" అని తల వంచుకుంది.

ఇంతే. ఈ నాలుగు మాటలే. ఆ పిల్ల నన్ను అనుమానించలేదు. నా మాట మీద నిలబడి వెతికింది. నా మాట తప్పుడుది కాబట్టి ఆ వెతుకులాట అంతా తప్పు దారిలో పోయింది. పవర్ సప్లై మంచిదైతే, ప్లగ్గు మంచిదైతే, వైర్లు ఎవరూ కదిలించకపోతే, ఇక చెడింది ఏది? బోర్డు. ఎవరు తెచ్చిన బోర్డు?

సునంద అనింది: "నువ్వు తెచ్చిన పాతది రెండు దినాలకే సచ్చింది చూడు." షమీం మొహం చిన్నబోయింది. "అంగడికి తీసుకపోయి చిన్నాయనకు చూపిస్తా" అనింది. మా అత్త పడసాల నుంచి కేకేసింది: "తీసుకపోయి లోపల మంచి సామాన్లు ఇంగా ఏమేం మార్చేస్తావో తల్లీ! ఉన్నకాడ ఉండనీ!"

షమీం సునంద వైపు చూసింది. సునంద నేల వైపు చూసింది. నేను? నేను గుమ్మం పట్టుకొని నిలబడినాను. అప్పుడైనా చెప్పవచ్చు. "అత్తా, తెరిచింది నేను" అంటే ఎంతసేపు పడుతుంది? నవ్వుతారని భయం. చదువు లేనిది దేంట్లోనో చెయ్యి పెట్టిందంటారని భయం. ఇంకో పిల్లను దొంగ అంటున్నా ఆ భయమే పెద్దదిగా కనబడింది నాకు. షమీం స్క్రూడ్రైవరు చాప మీద పెట్టి లేచింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

కార్డుల పని ఆగిపోయింది, డబ్బా అటకెక్కింది. సునంద చీరల అంగడిలో పనికి కుదిరింది, ఇప్పటికీ మా ఇంటి నుంచే పోతుంది. పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడతలు పెట్టే పని. షమీంను కడపకు ఇచ్చినారు. పెండ్లికి పిలుపు వచ్చింది, సునంద పోలేదు. మా అత్త ఆ పిల్ల మోసం చేసిందనే నమ్మకంతోనే కన్ను మూసింది. దాన్ని ఇంక ఎవరూ సరిచేయలేరు.

ఇన్నేండ్లు నేను ఎట్లా బతికినానని అడుగుతారేమో. ఒక సందేహాన్ని పట్టుకొని బతికినాను. ఏమో, బోర్డు నిజంగానే పాడయిందేమో. నా చేతి వల్ల కాదేమో. ఆ "ఏమో" నాకు గొడుగు. అహోబిలం కొండెక్కి స్వామి ముందు నిలబడినా, "అపరాధం" అని నోరు తెరిచి, ఆ గొడుగు కిందికే దూరి దిగి వచ్చేదాన్ని.

మొన్న మా ఇంటాయన అటక దులుపుతూ, "ఈ డబ్బా పాత ఇనుపోడికి ఏసేద్దాం" అన్నాడు. అది పోతే సందేహం శాశ్వతంగా నాదే. ఎవరూ తేల్చలేరు. హాయిగా ఉండాలి కదా? ఉండలేకపోయినాను. "ఈ వారం ఆగు" అన్నాను. అది ఇనుప అంగడికి పోయేలోపల నేను తేల్చుకోవాలి. ఆ మాట మనసులో అనుకున్నాక నేను వెనక్కు పోలేదు.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. డబ్బాను కిందికి దించి, ఫోనులో అడిగినాను, కంప్యూటరు ఆన్ కాకపోతే ఏం చేయాలని. వీడియోలో ఎవరో అబ్బాయి తెలుగులో నిదానంగా చూపించినాడు. ప్లగ్గు, వెనక స్విచ్చు, తరువాత ఆ పిన్నులు. బటను నుంచి వచ్చే వైరు ఏ రెండింటి మీద ఉండాలో బోర్డు మీదనే రాసి ఉంటుందన్నాడు. నాకు ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. పక్క రేకు తీసి, ఫోను కెమెరాతో పెద్దగా చేసి చూసినాను. నల్ల టోపీ మీద ఉన్న అక్షరాలే బోర్డు మీద ఒక చోట ఉన్నాయి. నేను ఒత్తిన చోటు ఇంకోటి. ఆ వైరు అప్పటి నుంచీ అక్కడే ఉంది.

తీసినాను. సరైన చోట పెట్టి, ప్లగ్గు తగిలించినాను. వేలు బటను మీద పెట్టి చాలాసేపు నొక్కలేదు. ఫ్యాను తిరగకూడదని కోరుకున్నానా? కోరుకున్నాను. ఇది కూడా ఒప్పుకుంటున్నాను.

నొక్కినాను. ఫ్యాను తిరిగింది. దుమ్ము లేచి నా మొహాన పడింది.

"స్వామీ, నీ" అని వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. బోర్డు మంచిదే. ఎప్పుడూ మంచిదే. చెడింది ఏదీ లేదు, నేను చెప్పిన మాట తప్ప.

షమీం వాళ్ళమ్మను అడిగి నంబరు తీసుకొని కడపకు ఫోను చేసినాను. అంతా చెప్పినాను, గాజు దగ్గర నుంచి. క్షమించమని అడగకూడదని ముందే అనుకున్నాను. అడిగితే ఆ బరువు కూడా ఆ పిల్ల నెత్తినే పెట్టినట్లు. ఆ పిల్ల అంతా విని అడిగింది, "ఏ వరసలో పెట్టినావు ఒదినా?" చెప్పినాను. "ఆ పిన్నులు చూసేదానికి నాకు ఒక నిమిషం పట్టేది. నువ్వు తెరవలేదన్నావని చూడలేదు" అనింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండు అనిపించింది. "సునందకు చెప్పు" అని పెట్టేసింది.

సాయంత్రం సునంద చెప్పులు విడవక ముందే చెప్పినాను. తను డబ్బా దగ్గరికి పోయి బటను నొక్కింది. ఆపింది. మళ్ళీ నొక్కింది. ఫ్యాను తిరుగుతుంటే చూస్తా నిలబడింది. "ఒదినా, కొన్ని దినాలు నాతో మాట్లాడొద్దు" అని లోపలికి పోయింది. ఇంకా మాట్లాడలేదు. అన్నం తానే పెట్టుకుంటుంది. నేను వెంటపడి అడగడం లేదు. మా ఇంటాయనకూ చెప్పినాను. ఆయన డబ్బాను మళ్ళీ అటక ఎక్కించలేదు, అంతే.

ఇల్లు ముందటి మాదిరి లేదు. ఉంటుందని నేను అనుకోలేదు కూడా. కానీ రాత్రి పడుకుంటే ఒళ్ళు మంచానికి ఆనుతోంది. తెరిచింది నేను. షమీం తెచ్చిన బోర్డు మంచిది. ఈ మాట ఇంక నా ఒక్కదాని దగ్గర లేదు.