కుళ్లిన తీపి వాసన

భయపడటానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలని ఆ రోజుల్లో నాకు తెలియదు. అప్పుడు ఓపిక దండిగా ఉండేది, తెలివే కాస్త తక్కువ. (ఇప్పుడు రెండూ సమానంగా తగ్గాయి.) మొన్న అటక సర్దుతుంటే అట్ట ఊడిన పాత నవల ఒకటి బయటపడింది. నేల కింద నిద్రపోయే వింత జీవి కథ. అది లేచే ముందు నేల సన్నగా వణుకుతుంది, కుళ్లిన తీపి వాసన వస్తుంది. నా మొదటి ఉద్యోగాన్ని మూడో రోజే ఊడగొట్టబోయిన పుస్తకం అదే.

మాది మోర్తాడ్ వైపు. పసుపు ఉడికే వాసన తప్ప మరొకటి ఎరగని ముక్కు నాది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్లకు టోకెన్లు ఇచ్చే పని దొరికింది. వచ్చిన వరుసలో ఇవ్వాలి, ఆ వరుసలోనే బండి తూకం కాంటా ఎక్కాలి. వరుస తప్పితే మళ్లీ మోర్తాడ్ బస్సెక్కమని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. మూడో రోజు సీజను మొదలు. బండ్లు బారులు తీరాయి, నేను టోకెన్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, సారు వచ్చేలోగా ఒక్క పేజీ అనుకుంటూ నవల తెరిచాను. సరిగ్గా ఆ జీవి లేచే పేజీలో నా కుర్చీ కింద నేల వణికింది. వెంటనే ఆ వాసన! నేను కేక పెట్టి, డబ్బా విసిరేసి బండ్ల మధ్య నుంచి పరుగెత్తాను. ఎద్దులు బెదిరి తలా ఒక దిక్కు పోయాయి. (లోపల మిల్లు తిరగడం మొదలైందని, అది చెరుకు మడ్డి వాసనని తర్వాత తెలిసింది.)

సూపర్‌వైజరు వచ్చేసరికి వరుస లేదు, నేను తిరిగొచ్చి మట్టిలో టోకెన్లు ఏరుకుంటున్నాను. అందరికన్నా ముందున్న బండి, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద సేద్యం చేసుకుంటున్న ఒక పెద్దాయనది. ఆయన నా ముఖం ఒకసారి చూసి, తాపీగా అన్నాడు.

"మా ఎద్దు బెదిరిందండీ. కుర్రాడి తప్పేం లేదు."

"నేను గీ పెద్దమనిషి ఎనకనే ఉంటి సారు," అని రెండో బండివాడు తన చోటు తానే చెప్పాడు. అలాగే మిగతావాళ్లూ, ఒక్క అబద్ధం లేకుండా. శిక్షగా పెద్దాయన బండి మాత్రం అందరి వెనక్కి పోయింది. టోకెన్లన్నీ ఇచ్చేశాక నేను సిగ్గుతో చచ్చిపోతూ ఆయన దగ్గరకు వెళితే, తనకు ఎటూ సాయంత్రం దాకా ఖాళీయే, ఆ పుస్తకంలో ఏముందో చదవమన్నాడు. చెరుకు నీడలో కూర్చుని చదివాను. ఆయన రెండో అధ్యాయంలోనే గురక పెట్టాడు.

ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది. నేను ఇంకా బోధన్‌లోనే ఉన్నాను. నిన్న వరండాలో ఆ పేజీ దాకా మళ్లీ చదివాను. నాలుగుసార్లు అద్దాలు తుడుచుకున్నాను, రెండుసార్లు కునుకు పట్టింది, భయం మాత్రం రాలేదు. తెలియకుండానే గాలి గట్టిగా పీల్చాను.

"ఏం వాసన సూస్తున్నవ్? పొయ్యి మీద ఏం మాడలే," అంది లోపలి నుంచి మా ఆవిడ.

ఏం లేదన్నాను. నిజంగానే ఏమీ లేదు, అదే బాధగా ఉంది. ఇప్పుడు ఆ జీవి లేచొచ్చినా నేను పరుగెత్తను, మోకాళ్లు ఒప్పుకోవు. దాని చేతిలో ఒక టోకెను పెట్టి, పెద్దాయన బండి వెనక నిలబడమంటాను.