పరుగులో దాక్కున్న జ్వరం

ఆ సాయంత్రం కె.సి. కాలువ గట్టు మీద, మూడో మైలు దగ్గర నేను ఆగిపోయాను. అంతకు ముందెప్పుడూ అలా ఆగింది లేదు. కాళ్ళ నొప్పి లేదు, డొక్కలో పోటు లేదు. ఊపిరి మాత్రం సగం దాకా వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. నా ముందు పరుగెత్తుతున్న ఏసురత్నం వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమప్పా శేషూ, నిలబడితివి? ముల్లు దిగిందా?"

"ఏం లేదు, నువ్వు పో."

"మొగం కందిపోయి ఉండాది."

"ఎండకు కందింది. పొమ్మంటే పోవేందిరా!"

నాకు కోపం ఎక్కువ. ఇంట్లోనూ కాలేజీలోనూ అందరికీ తెలుసు. అందుకే వాడు మళ్ళీ పరుగందుకున్నాడు. నేను వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గాను. తర్వాత మళ్ళీ పరుగెత్తి వాణ్ణి దాటాను.

మాది కర్నూలు టౌను. నాయన కలెక్టరాఫీసులో గుమాస్తా. పొలం పనంటే నాకు తెలియదు, మట్టి తొక్కింది క్రాస్ కంట్రీ జట్టులో చేరాకే. మేం ఆరుగురం. ఏసురత్నం జమ్మలమడుగు దగ్గరి పల్లెవాడు, చెప్పుల్లేకుండా పరుగెత్తేవాడు. వాళ్ళ నాయనకు రెండెకరాల మెట్ట, ఆదివారం చర్చి, మిగతా రోజులు కూలి. నాకు మాత్రం కాన్వాసు బూట్లు, మామ ఇచ్చిన జేబు గడియారం ఉండేవి. ఆ గడియారం నా చేతిలోంచి దిగేది కాదు. అన్నం తినడానికి ఎంతసేపు పట్టిందో కూడా చూసుకునేవాణ్ణి.

జబ్బు ఎలా మొదలైందని డాక్టర్లు అడిగినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. అది ఎవరికీ కనపడకుండా మొదలైంది, ఎందుకంటే దానికి మా పరుగే ముసుగు అయింది. రోజూ నాలుగు దాటితే ఒళ్ళు వెచ్చబడేది. ఐదింటికి మా పరుగు. ఆరున్నరకు డ్రిల్లు మాస్టరు అందర్నీ వరసగా నిలబెట్టి మెడ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. "అందరూ పెనాల మాదిరి కాలతాండారే, బాగుండాది!" అనేవాడు. ఆరుగురిలో ఒకడిది జ్వరమని ఆయనకు ఎలా తెలుస్తుంది? దగ్గొస్తే రేగడి దుమ్మనుకున్నాం. రాత్రి చెమటలు పడితే, కర్నూల్లో చెమట పట్టకుండా పడుకునేవాడెవడు? రెండు నెలల్లో పది పౌన్లు తగ్గాను. మాస్టరు నా భుజం పట్టుకుని మిగతావాళ్ళకు చూపించాడు.

"చూడండప్పా, పరుగోని ఒళ్ళంటే ఇదీ. మీరూ ఉండారు, దున్నల మాదిరి!"

నేను గర్వపడ్డాను.

అమ్మ మాత్రం ఒకరోజు చొక్కా ఆరేస్తూ అంది: "ఇది నీదేనా నాయనా, మీ నాయనదా? నీకింత వదులెట్లయింది? ఒకసారి ఆసుపత్రికి పోయి రారాదా?" నేను కంచం నెట్టేసి లేచిపోయాను.

కార్తీకంలో నాలుగు రోజులు వదలకుండా వాన పడింది. గట్టంతా బురద. పరుగు లేదు. ఆ నాలుగు రోజులూ నేను వసారాలో కూర్చుని ఉన్నాను. అయినా సాయంత్రం ఐదింటికి ఒళ్ళు కాలింది. అప్పుడు నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే అప్పుడే పూర్తిగా అర్థమైంది. అర్థమై కూడా ఎవరికీ చెప్పలేదు.

కారణం చెబుతాను. కడపలో కాలేజీల మధ్య పందెం మూడు వారాల్లో ఉంది. జట్టుకు ఆరుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కలిపి లెక్క వేస్తారు. ఐదోవాడు గీత దాటకపోతే ఆ జట్టు లేనట్టే. మాలో ఒకడు అప్పటికే మడమ బెణికి కుంటుతున్నాడు. నేను తప్పుకుంటే మిగతా నలుగురి కష్టం గంగలో కలిసినట్టే అనుకున్నాను. ఇది గొప్ప త్యాగమేం కాదు. నేను లేకుండా వాళ్ళు గెలవకూడదనే రోషం కూడా ఉంది.

కడపలో పందెం ఆరు మైళ్ళు. ఊరు దాటి రాళ్ళ గుట్టల మధ్యగా కొండల మొదటికి పోయి తిరిగి రావాలి. నాలుగో మైలు దగ్గర నోట్లో ఉప్పగా, వెచ్చగా తగిలింది. ఉమ్మితే రాతి మీద ఎర్రగా పడింది. పెదవి కొరుక్కున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. రెండోసారి ఉమ్మినప్పుడు చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. అరచేత్తో మూతి తుడుచుకుని, చెయ్యి నిక్కరుకు రాసుకుని పరుగెత్తాను. జట్టులో ఐదోవాడిగా గీత దాటాను. మాకు రెండో స్థానం వచ్చింది. అందరూ నన్ను ఎత్తుకుంటుంటే ఏసురత్నం ఒక్కడే నా నిక్కరు వంక చూశాడు.

"రే, అది నెత్తురు కదరా."

"అరవద్దు."

"అరుస్తా. మాస్టారూ! ఈడికి రాండి!"

వాణ్ణి కొట్టాను. నిజంగానే చెంప మీద కొట్టాను. వాడు తిరిగి కొట్టలేదు, నన్ను పట్టుకుని కింద కూర్చోబెట్టాడు.

కర్నూలు వచ్చాక జిల్లా ఆసుపత్రిలో కళ్ళె తీసుకుని స్పూటమ్ టెస్ట్, ఎక్స్‌రే. డాక్టరు ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టి నాయనకు చూపించాడు. "రైట్ అప్పర్ లోబ్‌లో క్యావిటీ. ఊపిరితిత్తిలో గుంత పడింది. స్పూటమ్ పాజిటివ్. టి.బి." తర్వాత నన్ను అడిగాడు: "ఎన్నాళ్ళ నుంచి జ్వరం?"

"పరుగెత్తితే అందరికీ ఒళ్ళు కాలుతుంది సార్."

"పరుగెత్తకముందు చూసుకున్నావా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

నాయన సెలవు పెట్టి నన్ను టి.బి. శానిటోరియంలో చేర్చాడు. రైలు, తర్వాత బస్సు, తర్వాత ఒంటెద్దు బండి. కొండగాలి, పొడవాటి వరండా, వరసగా మంచాలు. మంచానికొక టెంపరేచర్ చార్టు, ఒక స్పూటమ్ కప్పు. మొదటి మూడు నెలలు కంప్లీట్ బెడ్ రెస్ట్. పుస్తకం కూడా పట్టుకోకూడదు. రోజుకు ఎనిమిది మైళ్ళు పరుగెత్తినవాణ్ణి, పక్కకు తిరగాలన్నా నర్సును అడగాలి. గడియారం కూడా తీసేసుకున్నారు. ఆ రోజు నేను అరిచిన అరుపులకు వరండా అంతా తలలెత్తి చూసింది.

పక్క మంచం మీద సుభాన్ సాయబు ఉండేవాడు. బనగానపల్లెలో మామిడికాయల వ్యాపారం ఆయనది. నవ్వితే దగ్గొస్తుంది, అయినా నవ్వుతాడు.

"ఏమప్పా పరుగోడా! ఈడ కదలకుండా పడుకున్నోడే ఫస్టు. ఎనిమిది నెల్ల నుంచి నేనే ఫస్టు, తెల్సునా?"

"నీ పరిహాసం నాకొద్దు సాయబూ."

"వద్దంటే యాడికి పోతావు? పరుగెత్తుతావా? సరే, నన్నూ ఎత్తుకుని పో."

నాకు ఎ.పి. మొదలుపెట్టారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి ఛాతీలోకి గాలి ఎక్కిస్తారు. ఆ గాలి ఊపిరితిత్తిని నొక్కి ముడుచుకునేలా చేస్తుంది. వారానికోసారి రీఫిల్. డాక్టరు చెప్పాడు: "విరిగిన చేతికి కట్టు కట్టినట్టు నీ లంగ్‌కు గాలితో కట్టు కడుతున్నాం. అది పని చెయ్యకూడదు. పడుకోవాలి."

"మళ్ళీ పరుగెత్తగలనా సార్?"

"ముందు క్యావిటీ మూసుకోనీ."

కుదరదని ఆయన అనలేదు. ఆ అనని మాటను పట్టుకుని నేను ఆరు నెలలు బతికాను. జ్వరం తగ్గింది. బరువు పెరిగింది. స్పూటమ్ రెండుసార్లు నెగెటివ్ వచ్చింది. అప్పుడు నడక మొదలుపెట్టించారు. గ్రేడ్ వన్ అంటే వరండా చివరిదాకా పోయి రావడం. గ్రేడ్ టూ అర ఫర్లాంగు. అలా నెలనెలా కొంచెం పెంచుతారు. గడియారం తిరిగి ఇచ్చారు.

నేను చేసిన తప్పు ఇక్కడే. మిగతా రోగులకు అది నడక. నాకు అది ట్రైనింగ్. మా మాస్టరు దూరం పెంచి టైము తగ్గించమని నేర్పాడు, నా ఒంటికి వేరే పద్ధతి తెలియదు. నిన్నటి కంటే ఇవాళ ఎన్ని సెకన్లు తగ్గిందో చూసుకునేవాణ్ణి. నడక తర్వాత టెంపరేచరు చూస్తారని తెలిసి, ముందే నోట్లో చల్లనీళ్ళు పట్టి ఉంచేవాణ్ణి. చార్టు మీద నా గీత చక్కగా, తిన్నగా పోయింది.

సుభాన్ సాయబు కనిపెట్టాడు. "కాయను గడ్డిలో పెడితే ఊరికే పెట్టాలప్పా. పొద్దుకోసారి పిసికి చూస్తే మాగదు, మురుగుతాది. నువ్వు పిసుకుతాండావు."

"నీ కాయలు నువ్వు చూసుకో."

ఆ వారమే ఏసురత్నం ఉత్తరం వచ్చింది. జట్టుకు కెప్టెన్ అయ్యాడట. 'నీ చోటు ఎవరికీ ఇయ్యలేదు' అని రాశాడు. నన్ను సంతోషపెట్టడానికి రాశాడని ఇప్పుడు తెలుసు. మర్నాడు పొద్దున్నే నేను గేటుదాకా నడవలేదు, పరుగెత్తాను. ఎంతో లేదు, రెండు ఫర్లాంగులు. సగం దారిలో కుడి డొక్కలో గుడ్డ చిరిగినట్టయింది. మోకాళ్ళ మీద పడ్డాను. తోటమాలి వచ్చి లేపేదాకా నాకు గాలి అందలేదు.

చీకటి గదిలో ఎక్స్‌రే తెర వెనక నిలబెట్టి స్క్రీనింగ్ చేశారు. "అడ్హీషన్ చిరిగింది, లంగ్ ఛాతీ గోడకు అంటుకున్న చోట. ఫ్లూయిడ్ చేరుతోంది," అన్నాడు డాక్టరు. నెలకల్లా ఆ నీరు చీముగా మారింది. సూదితో లాగారు, మళ్ళీ చేరింది. స్పూటమ్ మళ్ళీ పాజిటివ్. చివరికి ఆయన నా మంచం మీద కూర్చున్నాడు, ఎప్పుడూ కూర్చునేవాడు కాదు.

"ఎ.పి. ఇంక పట్టదు శేషూ. ఆపేస్తున్నాం."

"తిట్టండి సార్."

"తిడితే ఏమొస్తుంది?"

ఆయన తిట్టి ఉంటే నాకు కోపమైనా వచ్చేది.

సుభాన్ సాయబు సంగతి కూడా రాయాలి. ఒక్క నియమం మీరని మనిషి. వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని, భళ్ళున నెత్తురు కక్కుకుని పది నిమిషాల్లో పోయాడు. కాబట్టి నేను డాక్టర్ల మాట విని కదలకుండా పడుకుంటే బతికేవాణ్ణని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోవాలనిపించదు. కాదనడానికీ ధైర్యం లేదు.

ఇప్పుడు ఇంట్లో మేడ మీది గదిలో ఉంటున్నాను. నా కంచం, చెంబు వేరు. పక్కటెముకలు తీసేసే ఆపరేషన్ ఒకటుందని నాయన ఫిల్ములు పట్టుకుని తిరిగాడు. కొత్త ఎక్స్‌రేలో ఎడమ వైపు కూడా నీడ కనిపించింది. రెండు వైపులా ఉంటే కత్తి పెట్టరట. అమెరికాలో కొత్త ఇంజెక్షన్ కనిపెట్టారని పేపర్లో పడితే అమ్మ ఆ ముక్క చింపి దేవుడి పటం దగ్గర పెట్టింది. డాక్టరును అడిగితే, "ఇక్కడికి రానీ, చూద్దాం," అన్నాడు. ఎప్పుడొస్తుందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. మెట్లు దిగి మూడు నెలలైంది.

ఆదివారం చర్చి అయ్యాక ఏసురత్నం వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటాడు. నేను చెబితే, జట్టులో అందరికీ పరుగుకు ముందే థర్మామీటరు పెట్టడం మొదలుపెట్టాడు. పోయిన ఆదివారం దిగులుగా ఉన్నాడు.

"కొత్తోడొకడు ఉండాడప్పా. మూడు దినాల నుంచి నాలుగ్గంటలకు తొంభై తొమ్మిది దాటుతాండాది. నిలబడరా అంటే థర్మామీటరు నేలకు కొట్టినాడు."

"పరుగెత్తినాడా?"

"పరుగెత్తినాడు. నన్ను దాటుకుని పోయినాడు."

వాణ్ణి నేను తిట్టలేను. ఆ రోజుల్లో నాకు ఎవరైనా థర్మామీటరు ఇస్తే నేనూ నేలకే కొట్టేవాణ్ణి. వాడికి ఏం రాసినా చదవడు. అందుకే ఇది వాడి కోసం కాదు, వాడి అమ్మ కోసం రాస్తున్నాను. మీ ఇంట్లో పరుగెత్తేవాడు, బంతాట ఆడేవాడు ఉంటే, ఆటకు పోయే ముందు, నాలుగింటికి, కూర్చోబెట్టి థర్మామీటరు పెట్టండి. అది పెట్టే ముందు నీళ్ళు తాగనివ్వకండి. వరసగా నాలుగు రోజులు చూడండి. తొంభై తొమ్మిది దాటితే బూట్లు పెట్టెలో వేసి తాళం పెట్టి, వాణ్ణి ఎక్స్‌రేకు తీసుకుపోండి. కంచం నెట్టేస్తాడు, నోటికొచ్చినట్టు తిడతాడు. తిట్టనివ్వండి. తాళం మాత్రం తియ్యకండి.